‘గ్యాస్ పోయింది’ అనుకునే ముందు: ఇంటి ఫ్రిజ్‌కు ఒక సమగ్ర మార్గదర్శి

చెన్నైలో అగ్ని నక్షత్రం, అంటే మండు వేసవి రోజులు, మొదలైందంటే ఫ్రిజ్ మెకానిక్ దొరకడం గగనమవుతుంది. దొరికిన మెకానిక్ ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూసి, ‘గ్యాస్ పోయిడుచ్చు సార్’ (గ్యాస్ పోయింది సార్) అని ఒక్క మాటలో తేల్చేస్తే, ఎండకు వాడిపోయి ఉన్న మనం కూడా మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాం. తిరువాన్మియూరులోని మా ఇంట్లో ఒకే వేసవిలో రెండుసార్లు అలా గ్యాస్ నింపించుకున్నాం. మూడోసారి వచ్చిన ఒక పెద్దాయన ఫ్రీజర్ లోపలి పలక విప్పి, దాని వెనక గోడలా పేరుకున్న మంచును మాకు చూపించి, బొటనవేలంత ఉన్న ఒక బైమెటల్ ముక్కను, అంటే చలిని బట్టి కలిసే, విడిపోయే స్విచ్చును, మార్చి వెళ్లిపోయారు. గ్యాస్‌కు మొదటినుంచీ ఏమీ కాలేదు.

ఫ్రిజ్‌లోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ దానిని అణిచి వేడెక్కించి పంపుతుంది. వెనకనున్న జాలీలోనో పక్క గోడల్లోనో అది తన వేడిని వంటింట్లోకి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం క్యాపిలరీ అనే సన్నని రాగి గొట్టం దాటగానే ఒత్తిడి పడిపోయి, ఫ్రీజర్ గొట్టాల్లో మరిగి, అక్కడి వేడిని పీల్చుకుని తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. మూసిపెట్టిన ఈ వలయంలో ఎక్కడో రంధ్రం పడితే తప్ప గ్యాస్ తగ్గదు. కాబట్టి రంధ్రం వెతకకుండా గ్యాస్ నింపడమంటే చిల్లి కుండలో నీళ్లు పోయడమే. గ్యాస్‌ను ఎప్పుడూ చివరి అనుమానితుడిగా ఉంచి, దానికి ముందు చూసుకోవలసినవన్నీ వరుసగా చూసుకోవాలన్నదే ఈ మార్గదర్శి అనుసరించే పద్ధతి.

మొదటి దశ: మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో గుర్తించడం

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఎక్కువ భాగం డైరెక్ట్ కూల్ రకానివి. వీటిలో ఐసుగది గోడలే చల్లబడతాయి, వాటి మీదే మంచు పేరుకుంటుంది, ఆ మంచును కరిగించడానికి చలిని అదుపుచేసే థర్మోస్టాట్ గుండీ మధ్యలో ఒక బటన్ ఉంటుంది. డబుల్ డోర్ ఫ్రిజ్‌లు దాదాపుగా ఫ్రాస్ట్ ఫ్రీ రకం. వీటిలో చల్లటి గొట్టాలు ఫ్రీజర్ వెనక పలక చాటున దాగి ఉంటాయి. ఒక చిన్న ఫ్యాను ఆ చల్లగాలిని పైకీ కిందికీ పంచుతుంది. గొట్టాల మీద చేరే మంచును రోజుకు కొన్నిసార్లు ఒక హీటర్ తనంతట తానే కరిగిస్తుంది. ఈ రెండు రకాల జబ్బులూ వేరు, వైద్యమూ వేరు. ఏ రకమో తెలియకుండా ఎవరి సలహా విన్నా ఉపయోగం ఉండదు.

తరువాత, లోపలి గోడ మీద కూరగాయల పెట్టె దగ్గరనో, వెనక కంప్రెసర్ పక్కనో అతికించి ఉన్న చిన్న రేటింగ్ పట్టీని ఫోనుతో ఫొటో తీసి దాచుకోండి. మోడల్ సంఖ్య, లీటర్లలో పరిమాణం, వోల్టేజీ, గ్యాస్ పేరు, అది ఎన్ని గ్రాములన్నదీ అందులో ఉంటాయి. చాలా పాత ఫ్రిజ్‌లలో ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్ 12 ఉండేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత దాని స్థానంలో ఆర్ 134ఏ వచ్చింది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా కనిపించేది ఆర్ 600ఏ, అంటే ఐసోబ్యుటేన్. ఇది వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టం, మండే స్వభావం కలది. ఇంటి ఫ్రిజ్‌లో కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. ఈ ఒక్క పేరు తెలిసి ఉంటే, మెకానిక్ ఏ సిలిండర్ పట్టుకొచ్చాడో చూసి ప్రశ్నించగలుగుతారు.

పట్టీ మీద ఎన్, ఎస్‌టీ, టీ అనే వాతావరణ తరగతుల్లో ఏదో ఒకటి కూడా కనిపించవచ్చు. ఎన్ అంటే గదిలో 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ అంటే 38 వరకు, టీ అంటే 43 వరకు సరిగ్గా పనిచేసేలా తయారైనదని అర్థం. మే నెలలో చెన్నై వంటింటి వేడి ఎలా ఉంటుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు కనుక, కొత్తది కొనేటప్పుడు టీ అన్న అక్షరం చూసుకోవడం మంచిది. నక్షత్రాల లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. 200 అని ఉంటే రోజుకు సగం యూనిట్ కంటే కాస్త ఎక్కువన్నమాట. నక్షత్రాలను లెక్కపెట్టడం కంటే ఈ అంకెను పోల్చుకోవడమే నిజమైన కొలత, ఎందుకంటే నక్షత్రాల ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తూ ఉంటారు.

రెండో దశ: చోటు, కరెంటు

లోపలి వేడిని బయటికి వదలడమే ఫ్రిజ్ పని. ఆ వేడికి దారి లేకపోతే కంప్రెసర్ ఊపిరాడక తిరుగుతూనే ఉంటుంది. వెనక సుమారు 10 సెంటీమీటర్లు, పక్కల కొన్ని సెంటీమీటర్లు ఖాళీ వదలండి. కొత్త ఫ్రిజ్‌లలో వేడి గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి కనుక పక్కలు వెచ్చగా తగలడం లోపం కాదు. వాటికి ఆనించి బియ్యం బస్తా నిలబెట్టడమే లోపం. ముందరి కాళ్లను రవ్వంత ఎత్తుగా తిప్పి పెడితే, సగం తెరిచి వదిలిన తలుపు తనంతట తాను మూసుకుంటుంది.

సముద్రానికి దగ్గరగా ఉన్న బెసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి చోట్ల ఉప్పుగాలి ఇనుప జాలీలనూ, కంప్రెసర్ తలమీది తీగల కొసలనూ తినేస్తుంది. వంటింటి బాల్కనీలో ఫ్రిజ్ పెట్టుకునే అలవాటు ఉన్నవారు దానిని లోపలికి మార్చడం అన్నిటికంటే చవకైన రిపేరు.

కరెంటు సంగతికి వస్తే, ఎర్త్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌ను ఫ్రిజ్‌కే ప్రత్యేకంగా కేటాయించాలి. మిక్సీతో కలిపి ఎక్స్‌టెన్షన్ పెట్టెకు తగిలించకూడదు. పాత రకం కంప్రెసర్ ఉంటే స్టెబిలైజర్ అవసరమే. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నవి ఎక్కువ వోల్టేజీ తేడాలను తట్టుకుంటాయని కంపెనీలు చెబుతాయి గాని, ఆ పరిధి ఎంతో రేటింగ్ పట్టీలోనో పుస్తకంలోనో చూసి నిర్ణయించుకోవాలి. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కనీసం 3 నిమిషాలు ఆగి స్విచ్ వేయండి. గొట్టాల్లో ఒత్తిడి సమం కాకముందే కంప్రెసర్‌ను తిప్పబోతే అది కదలలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది, దానిని కాపాడే ఓవర్‌లోడ్ అనే స్విచ్ తెగుతుంది. అద్దె ఇళ్లు మారేవారికి మరో మాట: బండిలో ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెచ్చినట్లయితే, నిలబెట్టిన తరువాత కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి, కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, అది దిగి రావాలి.

మూడో దశ: నెలవారీ సంరక్షణ

తలుపు చుట్టూ ఉన్న రబ్బరుతో మొదలుపెట్టండి. పది రూపాయల నోటును తలుపు సందులో సగం పెట్టి మూసి లాగి చూడాలి. పట్టు తెలియకుండా జారి వచ్చిందంటే అక్కడ గాలి లోపలికి పోతున్నట్టు. నాలుగు వైపులా, ముఖ్యంగా కింది మూలల్లో, ఇలా పరీక్షించాలి. రబ్బరు ముడతల్లో చేరిన పులుసు మరకలనూ నల్లటి బూజునూ గోరువెచ్చని సబ్బునీటితో మెత్తటి బ్రష్ పెట్టి తుడిస్తే, చాలాసార్లు రబ్బరు మార్చవలసిన అవసరమే రాదు. వంకరపోయిన చోట వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను కాసేపు అదిమి పట్టి, తలుపు మూసి ఉంచితే అది తిరిగి రూపానికి వస్తుంది. ఇంత వివరంగా చెప్పడానికి కారణం చెన్నై గాలిలోని తేమ. ఆ సందుల్లోంచి లోపలికి వెళ్లేది వేడి ఒక్కటే కాదు, నీటి ఆవిరి కూడా. అదే మంచుగా మారి కొత్త తంటాలు తెస్తుంది.

మూత పెట్టని దోసెల పిండి, పొగలు కక్కుతున్న సాంబారు గిన్నె చేసే పని కూడా ఇదే. అలాగని వండినదాన్ని రాత్రంతా బయట వదిలేయకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కనుక, వెడల్పాటి గిన్నెలోకి మార్చి, నీళ్ల పళ్లెంలో పెట్టి ఆవిరి తగ్గగానే 2 గంటలలోపు లోపలికి చేర్చాలి.

ఫ్రిజ్‌లో 3 నుంచి 5 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. తెర మీద కనిపించే అంకెను నమ్మేకంటే, నడి అరలో ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి రాత్రంతా వదిలి, పొద్దున ఎవరూ తలుపు తీయకముందే చూడటం మేలు. ఇందుకు జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు.

డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో మంచు అర సెంటీమీటరు మందం చేరగానే కరిగించాలి. బటన్ నొక్కండి, లేదా స్విచ్ ఆపి తలుపు తెరిచి లోపల ఒక గిన్నెడు వేడినీళ్లు పెట్టండి. కత్తితో గాని గరిటె కాడతో గాని పొడవడం మాత్రం వద్దు. అక్కడి గొట్టాలు పలచటి అల్యూమినియంవి. ఒక్క పోటుకు గ్యాస్ అంతా వెళ్లిపోతుంది. నిజంగా ‘గ్యాస్ పోయిన’ సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఈ కత్తిపోటు కేసులు తక్కువేమీ కాదు.

వెనక జాలీ బయటికి కనిపించే రకమైతే మూడు నెలలకోసారి ప్లగ్ తీసి, పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. లోపలి భాగాలకు లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల వంటసోడా కలిపిన గుడ్డ చాలు.

ఇక కంప్రెసర్ పైనున్న నీళ్ల పళ్లెం. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో కరిగిన మంచు ఇందులోకే చేరి ఆవిరవుతుంది. వానాకాలంలో గాలి తేమగా ఉండటం వల్ల ఆ నీరు ఎండక నిలిచిపోతుంది, డెంగీని మోసే ఏడిస్ దోమ అందులో గుడ్లు పెడుతుంది. కార్పొరేషన్ సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు పూలకుండీలతో పాటు ఫ్రిజ్ వెనక కూడా చూస్తామనడం ఇందుకే. వారానికోసారి ప్లగ్ తీసి ఆ పళ్లెం తుడిచి పెట్టండి.

నాలుగో దశ: జబ్బును లక్షణంతో పట్టడం

లైటు కూడా వెలగకపోతే ముందు ఆ సాకెట్‌లో ఫోను ఛార్జర్ పెట్టి చూడండి, తరువాత స్టెబిలైజర్‌ను తప్పించి నేరుగా తగిలించి చూడండి. ఇది నవ్వులాటగా అనిపించవచ్చు. మెకానిక్‌కు విజిటింగ్ ఛార్జీ కట్టి తెలుసుకున్నవారికి నవ్వు రాదు.

లైటు వెలుగుతూ, కొన్ని నిమిషాలకోసారి ‘ఊఁ’ అని మూలిగి ‘టిక్’ మని ఆగిపోతుంటే, కంప్రెసర్ బయలుదేరబోయి ఆగిపోతోందని అర్థం. మొదట వోల్టేజీ చూడండి. అది సరిగ్గా ఉంటే అనుమానం మోటారును బయలుదేరదీసే రిలే, ఓవర్‌లోడ్‌ల మీదికి పోతుంది. ఇవి కంప్రెసర్ పక్కన తగిలించి ఉండే చవకైన భాగాలు. ప్లగ్ తీసి రిలేను ఊడదీసి చెవి దగ్గర ఊపితే, లోపల గులకరాళ్ల చప్పుడు వచ్చిందంటే అది పగిలినట్టే. కంప్రెసర్ మోటారు బాగుందో లేదో మల్టీమీటర్‌తో చూడవచ్చు: మూడు పిన్నులలో కామన్, రన్నింగ్ మధ్య 12 ఓములు, కామన్, స్టార్టింగ్ మధ్య 18 ఓములు వచ్చాయనుకుంటే, రన్నింగ్, స్టార్టింగ్ మధ్య ఆ రెండింటి మొత్తం, అంటే 30 రావాలి. అంకెలు ఒక్కో కంప్రెసర్‌కు ఒక్కోలా ఉన్నా ఈ కూడిక మారదు. ఏ పిన్నుకైనా కంప్రెసర్ ఒంటికీ మధ్య కలయిక చూపిస్తే ఆ కంప్రెసర్ పని అయిపోయినట్టే. ఈ పరీక్ష పాత రకానికే వర్తిస్తుంది. ఇన్వర్టర్ కంప్రెసర్‌కు రిలే ఉండదు, మూడు పిన్నుల మధ్య ఓములు సమానంగా ఉంటాయి, దానిని నడిపించేది వెనకనున్న బోర్డు. ప్లగ్ తీసిన తరువాత కూడా ఆ బోర్డు కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది కనుక దానిలో చెయ్యి పెట్టవద్దు.

పైన ఐసు గడ్డకడుతూ కింద పాలు విరిగిపోతుండటం ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో తరచుగా వచ్చే ఫిర్యాదు. మా ఇంట్లో రెండు గ్యాస్ బిల్లులు తెచ్చిపెట్టింది కూడా ఇదే. పైన ఐసు గట్టిగా కడుతోందంటే గ్యాస్, కంప్రెసర్ పనిచేస్తున్నాయనే సాక్ష్యం అక్కడే ఉంది. చల్లగాలి కిందికి దిగడం లేదంతే. ముందుగా ఫ్రీజర్ తలుపు తెరిచి, తలుపు స్విచ్‌ను వేలితో నొక్కి ఫ్యాను చప్పుడు వినండి. వినపడకపోతే ఫ్యానో స్విచ్చో పోయింది. వినపడితే, లేదా ఐసుకు రాసుకుంటున్న గరగర వస్తే, గొట్టాల మీద మంచు గోడకట్టి గాలిదారి మూసుకుపోయిందని అనుమానించాలి.

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. సామానంతా తీసేసి, ప్లగ్ పీకి, రెండు తలుపులూ తెరిచి, కింద పాతగుడ్డలు పరిచి 24 గంటలు వదిలేయండి. తిరిగి వేశాక ఫ్రిజ్ కొత్తదానిలా చల్లబడి, వారం పది రోజులకు మళ్లీ మొదటికొస్తే, మంచు కరిగించే వ్యవస్థ పనిచేయడం లేదని తేలినట్టే. అందులో భాగాలు నాలుగే: టైమరు లేదా బోర్డు, హీటరు, బైమెటల్, ఫ్యూజు. గుండ్రటి టైమరు ఉన్న పాత మోడళ్లలో దాని ఇరుసును స్క్రూడ్రైవర్‌తో ‘టక్’ మనేదాకా మెల్లగా తిప్పితే కంప్రెసర్ ఆగి హీటరు మొదలవ్వాలి. హీటరు ఓములు దాని వాట్లను బట్టి వస్తాయి. 230 వోల్టుల మీద 150 వాట్ల హీటరుకు సుమారు 350 ఓములు. అసలు కదలికే లేకపోతే తీగ తెగింది. బైమెటల్ మామూలు గది వేడిలో తెరిచి ఉంటుంది, గట్టి చలిలోనే కలుస్తుంది కనుక, బల్లమీద పరీక్షించి ‘పోయింది’ అనేయకూడదు. ఉప్పు కలిపిన ఐసులో కాసేపు ఉంచి అప్పుడు చూడాలి. మాకు సాయపడిన పెద్దాయన అడిగింది కూడా అదే: ‘కల్లుప్పు ఉందా అమ్మా?’

కూరగాయల పెట్టె కింద నీళ్లు చేరుతుంటే వెనకగోడ అడుగున ఉన్న చిన్న రంధ్రం కొత్తిమీర ఆకుతోనో పాచితోనో మూసుకుపోయి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు సిరంజితో ఎక్కించి, అది వెనక పళ్లెంలోకి దిగేదాకా చూడండి. ఇది ఎవరైనా చేసుకోగల పని.

అన్నీ గడ్డకట్టుకుపోయి, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంటే థర్మోస్టాట్‌దో సెన్సర్‌దో తప్పు. తలుపు మూశాక లోపలి బల్బు ఆరుతోందో లేదో తెలుసుకోవాలంటే ఫోనులో వీడియో పెట్టి, ఒక నిమిషం లోపల మూసి తీయండి. రేకు ముట్టుకుంటే షాక్ తగులుతుంటే మాత్రం పరీక్షలేవీ చేయకండి. మెయిన్ ఆపి, ప్లగ్ తీసి, ఎర్త్‌నూ ఫ్రిజ్‌నూ రెండింటినీ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

ఇవన్నీ దాటిన తరువాతే గ్యాస్ మాట. కంప్రెసర్ గంటల తరబడి తిరుగుతూ, వెనక జాలీ లేదా పక్కలు ఏమాత్రం వెచ్చబడకుండా, ఫ్రీజర్ గొట్టంలో మొదటి జానెడు మీదే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందని నమ్మవచ్చు. క్యాపిలరీ మూసుకుపోయినా, కంప్రెసర్ అణిచే శక్తి కోల్పోయినా దాదాపు ఇలాగే కనిపిస్తుంది. తేడా చెప్పేది ఒత్తిడి కొలిచే మెకానిక్ గేజీ.

ఐదో దశ: గ్యాస్ పని జరుగుతుంటే దగ్గరుండి చూడవలసినవి

గ్యాస్ పనిని మనం చేయకూడదు. అయితే చూడటం నేర్చుకోవాలి. ముందు నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బునురగతో లీకు ఎక్కడో చూపించమనండి. వలయం తెరిచిన ప్రతిసారీ అందులోని తేమ పీల్చే ఫిల్టర్ మార్చాలి, ఎందుకంటే ఒకసారి తేమ తాగిన ఫిల్టర్ తిరిగి పనికిరాదు. తరువాత వ్యాక్యూమ్ పంపుతో కనీసం అరగంట లాగాలి. పంపు తేకుండా ఫ్రిజ్ కంప్రెసర్‌తోనే గాలి లాగేస్తానంటే ఒప్పుకోవద్దు, లోపల మిగిలిన తేమ క్యాపిలరీ కొసన గడ్డకట్టి నెలలోపే మళ్లీ పిలిపిస్తుంది. చివరగా పట్టీమీద రాసినన్ని గ్రాములను తూకం వేసి నింపాలి. ఆర్ 600ఏకు ఐదు, పది గ్రాముల తేడా కూడా పెద్దదే. ఆ గ్యాస్ ఉన్న వంటింట్లో స్టవ్వు ఆర్పి, కిటికీలు తెరిచి, గొట్టాల్లోని పాత గ్యాస్ బయటికి పంపేదాకా మంట వెలిగించకూడదు. ఆర్ 134ఏ ఫ్రిజ్‌లో ‘ఇదీ బాగానే పనిచేస్తుంది సార్’ అంటూ వేరే గ్యాస్ నింపబోతే ఆపండి. రెండింటికీ కంప్రెసర్ వేరు, భద్రతా ఏర్పాట్లు వేరు.

లీకు ఫ్రిజ్ గోడల్లో నింపిన ఫోమ్ లోపల ఉందని తేలితే, నా అభిప్రాయంలో, పదేళ్లు దాటిన ఫ్రిజ్ మీద ఇంకా డబ్బు పెట్టకపోవడమే మంచిది. అంతకంటే కొత్తదైతే వారంటీ కార్డు తీసి చదవండి: కంప్రెసర్‌కు ఉన్న పొడవాటి వారంటీలో గ్యాస్, కూలి కలిసి ఉన్నాయో లేదో అక్కడే తెలుస్తుంది. మార్చిన భాగాల పేర్లతో బిల్లు అడగండి, పాత భాగాన్ని చేతికి ఇమ్మనండి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు.

వరద, కరెంటు కోత, వీడ్కోలు

2015 డిసెంబరు వరదలు, 2016లో వర్దా తుపాను, 2023లో మిచౌంగ్ తుపాను చూసిన ఊరిలో ఈ భాగం లేకుండా మార్గదర్శి పూర్తికాదు. కరెంటు పోతే తలుపు తెరవకండి. మూసి ఉంచిన ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ అంతకంటే చాలా ఎక్కువసేపు చలి నిలుపుకుంటాయి. నీరు ఇంట్లోకి వస్తుందనుకుంటే ముందే ప్లగ్ తీసి, వీలైతే నాలుగు ఇటుకల మీదికి ఎత్తించండి. మునిగిన ఫ్రిజ్ పైకి ఎండినట్టు కనిపించినా స్విచ్ వేయకండి. రిలే, తీగల కొసలు, బోర్డు విప్పి శుభ్రం చేసి ఆరబెట్టి, మెగ్గర్ అనే మీటర్‌తో కంప్రెసర్ ఇన్సులేషన్ చూశాకే కరెంటు ఇవ్వాలి. మురుగునీరు ఫోమ్‌లోకి దిగి వాసన పట్టినదాన్ని తిండి పెట్టుకోవడానికి వాడకపోవడం ఉత్తమం.

పారేయవలసి వస్తే పాతసామాను బండికి ఇచ్చే ముందు ఒక్కసారి ఆలోచించండి. వాళ్లు గొట్టం కోయగానే గ్యాస్ గాలిలో కలుస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఫ్రిజ్‌ల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది కనుక, కొత్తది కొనే కొట్టులోనే ఎక్స్‌చేంజి అడగవచ్చు, లేదా గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కు అప్పగించవచ్చు. బండి వచ్చేదాకా దానిని అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఉంచితే, తలుపును కీలు దగ్గర ఊడదీసి విడిగా పెట్టండి. దాగుడుమూతలాడే పిల్లలు అందులో దూరితే లోపలినుంచి తెరుచుకోవడం వాళ్ల వల్ల కాదు.